కోటి విద్యలూ కూటి కొరకే: లయొనల్ కానకర్ కథ

మా అబ్బాయి ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు వాళ్ళ టీచరు ఒక ప్రాజెక్టు ఇచ్చింది. కెనడా చరిత్రలోంచి ఒక గొప్ప వ్యక్తిని ఎంచుకోవాలి, నాలుగు పేజీలు రాయాలి, క్లాసు ముందు నిలబడి చెప్పాలి. ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ గురించి రాస్తాడనుకుని, నాకు తెలిసిన నాలుగు సంగతులు చెబుదామని సిద్ధంగా కూర్చున్నాను. వాడు లైబ్రరీ పుస్తకం తెరిచి, వంకర ముక్కు, వెడల్పాటి భుజాలు ఉన్న ఒకాయన ఫొటో చూపించి, "నేను ఈయన గురించి రాస్తా నాన్నా" అన్నాడు. పేరు లయొనల్ కానకర్.

నిజం చెప్పాలంటే ఈ దేశం వచ్చి పన్నెండేళ్ళయినా ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. మనబోటివాళ్ళకి ఐస్ హాకీ అంటే గ్రెట్స్కీ ఒక్కడే కదా. "ఈయనేం చేశాడురా?" అంటే వాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. హాకీ, ఫుట్‌బాల్, బేస్‌బాల్, లక్రాస్, బాక్సింగ్, కుస్తీ. ఒక చెయ్యి చాల్లేదు. "చివరికి ఎంపీ కూడా అయ్యాడు" అన్నాడు.

వాడు ఆయన్నే ఎందుకు ఎంచుకున్నాడో నాకు వెంటనే అర్థమైంది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక గొడవ నడుస్తోంది. వాడు చలికాలం హాకీ, వేసవికాలం బేస్‌బాల్ ఆడేవాడు. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు. ఏదో ఒకటి పట్టుకో. రెండూ వదిలేసి లెక్కల మీద కూర్చుంటే మరీ మంచిది" అని నేను రోజూ పోరేవాణ్ణి. అంటే ఈ ప్రాజెక్టు టీచరు కోసం కాదు, నాకోసం రాస్తున్నాడన్నమాట.

వాణ్ణి ఓడించడానికైనా ఆయన గురించి చదవాలి కదా అని మొదలుపెట్టాను. చదివాక తెలిసింది, మా ఇద్దరి వాదమూ తప్పేనని.

పదిమంది పిల్లల ఇల్లు

కానకర్ 1900 మే 24న టొరంటోలో పుట్టాడు. పూర్తి పేరు లయొనల్ ప్రిటోరియా కానకర్. అప్పుడు దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం జరుగుతోంది. ఆ ఊరి పేరే పిల్లవాడికి పెట్టేశారు. మన ఊళ్ళలో రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పుట్టిన పిల్లలకు చర్చిల్, స్టాలిన్ అని పేర్లు పెట్టుకున్నట్టే ఇదీనూ.

తండ్రికి గుర్రబ్బండి తోలడం వృత్తి. ఐదుగురు మగపిల్లలు, ఐదుగురు ఆడపిల్లలు. చలికాలంలో బండికి పనులు తక్కువ, కట్టెలకు, బొగ్గుకు ఖర్చు ఎక్కువ. వాళ్ళున్న డావెన్‌పోర్ట్ ప్రాంతం అప్పట్లో టొరంటోలో పేదల పేట. ఈనాడు ఆ వీధుల్లో ఇళ్ళ ధరలు వింటే మీకు కళ్ళు తిరుగుతాయి. నూరేళ్ళ కిందట మాత్రం అక్కడ పదిమంది పిల్లల ఇంట్లో పొయ్యి వెలగడమే పెద్ద విషయం.

ఆయన చదివిన జెస్సీ కెచమ్ స్కూలు హెడ్‌మాస్టరుకి ఒక నమ్మకం ఉండేది, పిల్లలు ఆటల్లో పడితే వీధి గొడవల్లో పడరని. ఆ బడిలోనే కానకర్ ఆటలు నేర్చుకున్నాడు. అయితే చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు, పనికి పోక తప్పదు. రోజుకు పది గంటలు సాడ్ మోసే పని. సాడ్ అంటే మట్టితో సహా చెక్కి తీసిన పచ్చిక. దాన్ని చాపలా తెచ్చి కొత్త ఇళ్ళ ముందు పరుస్తారు. అంతా కష్టపడితే వారానికి ఇంటికి ఒక డాలరు అదనంగా వచ్చేదట.

ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఎందుకంటే ఆ పని నేనూ చేశాను. 1998 జనవరిలో ఇక్కడికి వచ్చేసరికి నా చేతిలో ఇంజనీరింగ్ పట్టా, హైదరాబాదులో ఆరేళ్ళ అనుభవం ఉన్నాయి. ఇంటర్వ్యూకి వెళ్ళిన ప్రతిచోటా "కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అనేది ఒకటే ప్రశ్న. అందుకని ఆ చలికాలం రాత్రిళ్ళు ప్లాస్టిక్ సామాను ఫాక్టరీలో, శని ఆదివారాలు పిజ్జా డెలివరీ, సాయంత్రాలు మా అపార్ట్‌మెంటు పిల్లలకు లెక్కల ట్యూషన్. మంచు కరిగాక ఒక కాంట్రాక్టరు దగ్గర సాడ్ మోత. తడి సాడ్ ఎంత బరువుంటుందో మోసినవాడికే తెలుస్తుంది. పద్నాలుగేళ్ళ పిల్లాడు రోజుకు పది గంటలు మోయడమంటే ఏమిటో నా వీపుకి అర్థమైంది.

ఆటకొక కాలం, కాలానికొక ఆట

పదహారేళ్ళకే కానకర్ 125 పౌండ్ల తరగతిలో అంటారియో కుస్తీ విజేత. ఇరవై ఏళ్ళకు కెనడా లైట్ హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్. ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ జాక్ డెంప్సీతో ఒక ప్రదర్శన పోటీలో కూడా తలపడ్డాడు. చిత్రమేమిటంటే తర్వాత ఎవరికి పేరు వచ్చినా రాకపోయినా ఆయనకు పేరు తెచ్చిన ఐస్ హాకీకి కావలసిన స్కేటింగ్ మాత్రం పదహారేళ్ళు వచ్చేదాకా రాదు. ఇక్కడి పిల్లలు మూడేళ్ళకే మంచు మీద నిలబడతారు. వీళ్ళింట్లో స్కేట్లు కొనే స్తోమత లేదు. అంత ఆలస్యంగా నేర్చుకోవడం వల్ల ఆయన ఎప్పుడూ అందంగా స్కేటింగ్ చేసిన మనిషి కాదు. అందుకు బదులు డిఫెన్సులో నిలబడి, వచ్చే బంతికి (పక్ అంటారు, గట్టి రబ్బరు బిళ్ళ) తన ఒళ్ళే అడ్డం వేసేవాడు. మంచు మీద పడి షాట్లు ఆపడంలో ఆయన పేరుమోశాడు. ఆ వంకర ముక్కు అలా వచ్చిందే.

1921 డిసెంబరు 3. కెనడియన్ ఫుట్‌బాల్ పోటీల్లో అన్నిటికన్నా పెద్దదైన గ్రే కప్ ఫైనల్. తూర్పు కెనడా జట్టుతో పడమటి జట్టు గ్రే కప్‌కి పోటీపడటం అదే మొదటిసారి. టొరంటో ఆర్గొనాట్స్ 23-0 తేడాతో ఎడ్మంటన్ జట్టును ఓడించారు. అందులో 15 పాయింట్లు కానకర్‌వే. ఇంకా విశేషం, ఆట ఆఖరి పావు భాగం ఆయన ఆడలేదు. గెలుపు ఖాయమయ్యాక మైదానం విడిచి, ఆ రోజే ఉన్న తన హాకీ జట్టు మ్యాచ్‌కి వెళ్ళిపోయాడు!

1922లో మరో రోజు బేస్‌బాల్ నగర ఛాంపియన్‌షిప్‌లో ఆఖరి ఇన్నింగ్సులో కొట్టిన దెబ్బతో హిల్‌క్రెస్ట్ జట్టును గెలిపించి, ఊరికి అటు చివర జరుగుతున్న లక్రాస్ ఫైనల్‌కి పరిగెత్తాడు. (లక్రాస్ ఈ నేల ఆదివాసులు ఆడిన ఆట. వల కట్టిన కర్రతో బంతిని పట్టి విసురుతారు.) వెళ్ళేసరికి తన జట్టు 3-0తో వెనకబడి ఉంది. నాలుగు గోల్స్ తనే చేసి 5-3తో గెలిపించాడు.

ఇవి చెప్పేటప్పుడు మా వాడి కళ్ళు మెరిసేవి. "చూశావా, రెండూ ఆడొచ్చు" అని. నాకు మాత్రం వేరే సందేహం వచ్చింది. ఇంత ఆటగాడికి అప్పటికి డబ్బు ఎవరూ ఇవ్వలేదా?

ఇస్తామన్నారు. 1920లో టొరంటో సెయింట్ పాట్స్ హాకీ జట్టు మూడు వేల డాలర్లు, మరుసటి ఏడాది మాంట్రియల్ కెనేడియన్స్ ఐదు వేలు ఇస్తామన్నాయి. ఆయన వద్దన్నాడు. కారణం ఆనాటి అమెచ్యూర్ నిబంధన. ఒక ఆటలో డబ్బు పుచ్చుకుంటే మిగతా ఆటల్లోనూ ప్రొఫెషనల్ కింద లెక్క. అమెచ్యూర్ మైదానాలన్నీ ఒక్కసారే మూసుకుపోతాయి. ఆ నియమం పెట్టినవాళ్ళు పొట్టకూటికి వెతుక్కోనక్కరలేని పెద్దమనుషులు. ఆట ఆనందం కోసమే ఆడాలి అన్నది వాళ్ళ ఆదర్శం.

మనవాళ్ళలోనూ అలా రెండు ఆటల్లో దేశం తరఫున ఆడిన మనిషి ఉన్నాడు. మద్రాసు క్రికెట్‌కి పునాది వేసిన బుచ్చిబాబు నాయుడి గారి కుమారుడు కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు, 1936లో నలభై ఏళ్ళ వయసులో ఇంగ్లండులో టెస్ట్ క్రికెట్ ఆడాడు. గొప్ప ఆటగాడే, సందేహం లేదు. అయితే ఆయనది కలిగిన కుటుంబం, కేంబ్రిడ్జి చదువు. ఆ నిబంధనలు అలాంటివారికి కుట్టిన చొక్కాలు. గుర్రబ్బండి తోలేవాడి కొడుక్కి అవి బిగుతు.

ఇరవైమూడేళ్ళకు బడి

కానకర్ కథలో నాకు బాగా నచ్చిన మలుపు ఇక్కడుంది. 1923లో ఆయన సరిహద్దు దాటి అమెరికా వెళ్ళాడు. ఎందుకు? చదువుకోవడానికి. పెన్సిల్వేనియాలో బెల్‌ఫాంట్ అకాడమీలో చేరాడు. అది కాలేజీకి పిల్లల్ని తయారుచేసే బడి. ఎనిమిదితో ఆపేసిన చదువును, దేశమంతా పేరు తెలిసిన తర్వాత, ఇరవైమూడేళ్ళ వయసులో, పిల్లల పక్కన కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాడన్నమాట. అక్కడ చదువుతూ ఫుట్‌బాల్ ఆడాడు, పిట్స్‌బర్గ్ ఎల్లో జాకెట్స్‌కి హాకీ ఆడాడు. ఆ జట్టు 1924లోనూ 1925లోనూ అమెరికా అమెచ్యూర్ ఛాంపియన్. తర్వాత డ్యుకేన్ యూనివర్సిటీలో చేరాడు.

ఒక చేత్తో చదువు, ఒక చేత్తో ఫీజుకి సంపాదన, పరాయి దేశం, ఊళ్ళో తమ్ముళ్ళు చెల్లెళ్ళు. ఈ మాటలు మనలో ఎంతమందికి కొత్త? ఎఫ్-1 వీసా మీద వచ్చి గ్యాస్ స్టేషన్లో రాత్రి డ్యూటీ చేసినవాళ్ళు ఈ పత్రిక చదివేవారిలో పదిమందైనా ఉంటారు. ఆయనకి ఆటే ఆ గ్యాస్ స్టేషన్.

1925లో పిట్స్‌బర్గ్ జట్టు పైరేట్స్ పేరుతో నేషనల్ హాకీ లీగ్‌లో చేరింది. కానకర్ చివరికి ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ జట్టు చరిత్రలో మొదటి గోల్ ఆయనదే. ఒకసారి గేటు దాటాక ఇక వెనక్కి చూడలేదు. 1926 వేసవిలో టొరంటో మేపుల్ లీఫ్స్ బేస్‌బాల్ జట్టులో ఆడాడు (హాకీ జట్టు ఆ పేరు పెట్టుకున్నది ఆ తర్వాతే). ఆ జట్టు ఆ ఏడు ఇంటర్నేషనల్ లీగ్‌లో నెగ్గింది. 1931లో హాకీ స్టేడియాల యజమానులు వేసవిలో ఖాళీగా పడి ఉండే హాళ్ళు నింపడానికి ఇండోర్ లక్రాస్ పెడితే అందులో ఆడాడు. డబ్బుకి కుస్తీలు పట్టాడు. 1933లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు కట్టాడు.

అన్నీ మంచి రోజులే అనను. న్యూయార్క్ అమెరికన్స్ జట్టులో ఉన్నప్పుడు తాగుడులో పడ్డాడు. మద్యనిషేధం నడుస్తున్న ఆ కాలంలో ఆ జట్టు యజమాని దొంగసారా వ్యాపారానికి పేరుమోసిన బిల్ డ్వయర్. ఇక చెప్పేదేముంది? మొదటి బిడ్డ పుట్టాక కానకర్ మందు మానేశాడు, మళ్ళీ ముట్టుకోలేదు. ఆ తర్వాతే ఆయన హాకీలో మంచి ఏళ్ళు వచ్చాయి. 1934లో షికాగోతో, 1935లో మాంట్రియల్ మరూన్స్‌తో, వరుసగా రెండు స్టాన్లీ కప్‌లు. 1937 ఏప్రిల్‌లో హాకీ విరమించాడు.

ఇప్పుడు మా వాదం సంగతి. మా వాడు ఆయన్ని పుట్టుకతో వచ్చిన ప్రతిభావంతుడు అనుకున్నాడు. నేను నిలకడలేని మనిషి అనుకున్నాను. రెండూ కాదు. ఏ ఆట కూడా ఏడాది పొడుగునా ఇల్లు నడిపేది కాదు. హాకీ జీతం మంచు కరిగేదాకానే. అందుకని కాలానికొక ఆట. మా అమ్మ తరచూ అనేది, కోటి విద్యలూ కూటి కొరకేనని. నా మూడు ఉద్యోగాలకీ ఆయన ఆరు ఆటలకీ కారణం ఒకటే. ఈ మాట నేను కాదు, ముందు మా వాడే అన్నాడు. "నువ్వు పిజ్జా, ఫాక్టరీ, ట్యూషన్ చేశావు కదా, మరి నిన్నెవరూ ఏదో ఒకటి పట్టుకో అనలేదా నాన్నా?" అని. మా ఆవిడ వంటింట్లోంచి నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

ఓట్ల ఆట

మా వాడి ప్రాజెక్టుకి బీ ప్లస్ వచ్చింది. ఆటల గురించి మూడున్నర పేజీలు, రాజకీయాల గురించి నాలుగు లైన్లు రాశాడని టీచరు మార్కులు తగ్గించింది. ఆ లోటు ఇక్కడ నేను పూడుస్తాను.

ఆట విరమించిన ఆర్నెల్లలోపే, 1937 అక్టోబరులో, కానకర్ అంటారియో శాసనసభకు లిబరల్ పార్టీ తరఫున గెలిచాడు. నియోజకవర్గం టొరంటోలోని బ్రాకండేల్. తను సాడ్ మోసిన ఊరు, ఆర్థికమాంద్యం ఇంకా పూర్తిగా వదలని రోజులు. అంటారియో అథ్లెటిక్ కమిషన్ బాధ్యత కూడా ఆయనకు వచ్చింది. 1943 ఎన్నికల్లో ఆ స్థానం లిబరల్స్ చేజారింది. గెలిచింది సి.సి.ఎఫ్. పార్టీకి చెందిన రే లకాక్ అనే ఆవిడ. అంటారియో శాసనసభకు ఎన్నికైన మొదటి ఇద్దరు స్త్రీలలో ఆమె ఒకరు.

1945లో పార్లమెంటుకి, అంటే ఒట్టావాలోని హౌస్ ఆఫ్ కామన్స్‌కి, ట్రినిటీ నియోజకవర్గం నుంచి పోటీచేసి ఓడిపోయాడు. ఇది గమనించండి. దేశంలో ఆయన పేరు తెలియని ఇల్లు లేదు, అయినా ఓడాడు. పేరు ఒకసారి గుమ్మం దాటిస్తుంది, అంతే. 1949లో మళ్ళీ అక్కడే నిలబడి గెలిచాడు. 1953లో మళ్ళీ గెలిచాడు. మంత్రి పదవి రాలేదు. వెనక బెంచీల్లో కూర్చున్న సభ్యుడు. మన విజయనగరం రాకుమారుడు విజ్జీ కూడా 1936లో భారత క్రికెట్ కెప్టెన్ అయి, తర్వాత విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళాడు. ఆ 1936 జట్టులోనే రామస్వామి ఆడింది. అయితే విజ్జీకి కెప్టెన్సీ కట్టబెట్టింది వంశం, హోదా. కానకర్ మైదానంలోనైనా సభలోనైనా ఒళ్ళు వంచకుండా సంపాదించింది ఏమీ లేదు.

ట్రినిటీ గురించి ఒక మాట. పడమటి టొరంటోలోని ఆ పేటల్లో అప్పట్లో యూదులు, ఇటాలియన్లు, యుక్రేనియన్లు, పోలిష్ వాళ్ళు, అంటే అప్పటి వలసజనం ఎక్కువ. ఆ ఏళ్ళలో మన సంగతి ఏమిటో కూడా చెప్పుకోవాలి. బ్రిటిష్ కొలంబియాలో 1907 నుంచి భారతీయులకు ఓటు లేదు. 1947లో తిరిగి వచ్చింది. అంటే కానకర్ గెలిచిన 1949 ఎన్నికే అక్కడి మనవాళ్ళు వేలు పెట్టగలిగిన మొదటి దేశవ్యాప్త ఎన్నిక. 1951 నుంచి భారతదేశం మొత్తానికి కెనడా ఇచ్చిన వలస కోటా ఏడాదికి 150 మంది! ఆయన ఆ సభలో కూర్చున్న రోజుల్లో నాబోటివాడు ఈ గడప తొక్కడం కలలోని మాట. 1967లో పాయింట్ల పద్ధతి వచ్చాకే మనకు తలుపు తెరుచుకుంది.

1950లో కెనడియన్ ప్రెస్ సంస్థ అర్ధశతాబ్దపు ఉత్తమ క్రీడాకారుడిగా కానకర్‌ని ఎన్నుకుంది. స్త్రీలలో ఆ గౌరవం బాబీ రోజెన్‌ఫెల్డ్‌కి. ఆమె రష్యా సామ్రాజ్యంలో పుట్టి, పసితనంలో వలస వచ్చిన యూదు పిల్ల. 1928 ఒలింపిక్స్‌లో పరుగుల్లో బంగారు పతకం, వెండి పతకం తెచ్చింది. బండివాడి కొడుకూ, వలస కుటుంబం పిల్లా ఒక దేశపు ఉత్తములుగా పక్కపక్కన నిలబడటం నాకు ముచ్చటగా తోస్తుంది.

మే 26

ఒట్టావాలో ఏటా ఎంపీలకూ పార్లమెంటు విలేఖరులకూ సాఫ్ట్‌బాల్ పోటీ ఉండేది. బేస్‌బాల్‌కి తమ్ముడు లాంటి ఆట. పార్లమెంటు హిల్ మీద పచ్చికలో, నవ్వుకోవడానికి ఆడుకునేది. 1954 మే 26న కానకర్ బ్యాటు పట్టాడు. యాభై నాలుగేళ్ళు నిండి రెండు రోజులైంది. బంతిని ఎడమవైపు దూరంగా కొట్టాడు. మామూలు మనిషి మొదటి బేస్ దగ్గర ఆగిపోయేవాడు. ఆయన ఆగలేదు. రెండోది దాటి మూడోదాకా పరిగెత్తాడు. అక్కడ రొప్పుతూ నిలబడి, అలాగే కూలిపోయాడు. కాసేపట్లోనే ప్రాణం పోయింది.

ఆ మర్నాడు ఆయన కూతురి గ్రాడ్యుయేషన్. టొరంటో యూనివర్సిటీలో.

ఆయన తర్వాత వచ్చిన గౌరవాలు చాలా ఉన్నాయి. ఉత్తమ క్రీడాకారుడికిచ్చే బహుమతికి ఆయన పేరు పెట్టారు. 1994లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. తమ్ముళ్ళు చార్లీ, రాయ్ కూడా అందులో ఉన్నారు. కొడుకు బ్రయన్ 1967లో స్టాన్లీ కప్ గెలిచిన టొరంటో జట్టులో ఆడాడు. అవన్నీ ఒక ఎత్తు, ఆ మర్నాటి పట్టా ఒక ఎత్తు. ఎనిమిదో తరగతిలో పుస్తకాలు కింద పెట్టి సాడ్ ఎత్తుకున్నవాడు, ఇరవైమూడేళ్ళకు మళ్ళీ బడికి వెళ్ళినవాడు, ఆరు ఆటలాడి పదిమంది ఉన్న ఇల్లు లాక్కొచ్చినవాడు, ఆ ఒక్కటీ చూడకుండా పోయాడు.

మా వాడు హాకీ మానలేదు, బేస్‌బాల్ మానలేదు. నేనూ ఆ తర్వాత మాన్పించలేదు. పెద్ద ఆటగాడేమీ కాలేదు లెండి. 2019 జూన్‌లో అదే యూనివర్సిటీలో పట్టా తీసుకున్నాడు. హాల్లో పై వరసలో కూర్చుని, వాడి పేరు పిలిచేదాకా ఎదురుచూస్తూ, నా పక్క కుర్చీ ఒకటి ఖాళీగా ఉండటం గమనించాను. ఎవరో రావలసినవాళ్ళు రాలేదు. ట్రాఫిక్‌లో చిక్కుకుని ఉంటారు, అంతకంటే ఏమీ ఉండదు. కానీ మా వాడు వేదిక ఎక్కినప్పుడు నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను, చేతులు మండేదాకా. కొన్ని నాకోసం, కొన్ని ఆయన కోసం.